రోహిణి ఎందుకు ఎర్రగా ఉంది?

బరంపురంలో మా ఇంటి వెనకే హౌరా–చెన్నై లైను. గూడ్సు హారన్ కొడుతూ దాటిపోతుంటే, పెళ్లిళ్లలో సన్నాయి వాయించే మా మావయ్య ఓసారి "రి నుంచి స కి దిగింది" అన్నాడు. లెక్కేసి చూశాను. బండి గంటకు 70 కిలోమీటర్ల వేగంతో పోతే శ్రుతి సరిగ్గా అంతే దిగుతుంది! ఎదురొచ్చేటప్పుడు శబ్ద తరంగాలు దగ్గరవుతాయి, వెళ్లిపోయేటప్పుడు సాగుతాయి. 1845లో హాలండ్‌లో బైస్ బాలట్ అనే శాస్త్రవేత్త కూడా బాకా ఊదేవాళ్లను రైలెక్కించి, స్వరజ్ఞానం ఉన్నవాళ్లను పట్టాల పక్కన నిలబెట్టే ఈ సంగతి తేల్చాడు.

వెలుగూ తరంగమే. దూరమయ్యే చుక్క వెలుగు ఎరుపు వైపు జరుగుతుందని మావయ్యకు చెప్పాను. మార్చి మొదట్లో ఓ సాయంత్రం, చీకటి పడగానే మేడెక్కితే రోహిణి నక్షత్రం దాదాపు నడినెత్తిన ఉంది.

"ఏమ్మా, అది ఎర్రగా ఉందంటే వెళ్లిపోతున్నట్టేనా?"

జవాబు ఒప్పే, కారణం తప్పు. రోహిణి సూర్యుడి నుంచి సెకనుకు 54 కిలోమీటర్ల చొప్పున దూరమవుతున్న మాట నిజమే. కానీ ఆ ఎరుపు వేగంవల్ల వచ్చింది కాదు. రోహిణి ఉపరితలం సూర్యుడికన్నా చల్లన, 3,900 కెల్విన్ల దగ్గర ఉంటుంది, అందుకని. మావయ్యను తప్పుపట్టలేం. 1842లో ఈ సూత్రం చెప్పిన డాప్లరే జంట నక్షత్రాల రంగులకు వాటి పరుగే కారణమని పొరబడ్డాడు. వెలుగు సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది, దాని ముందు 54 ఏపాటి?

మరి ఆ 54 ఎలా తెలిసింది? చుక్క వెలుగును ఇంద్రధనుస్సులా విడదీస్తే మధ్యమధ్యలో సన్నటి నల్లగీతలుంటాయి. పైపొరల్లోని మూలకాలు ఒక్కొక్కటీ తన వంతు రంగును మింగేసిన చోట్లవి. హైడ్రోజన్ గీత ఒకటి 656.28 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర ఉండాలి. 54 కిలోమీటర్ల వేగానికి అది 656.40కి జరుగుతుంది, అంతే. ఇంత చిన్న తేడాను 1868లో విలియం హగ్గిన్స్ అనే ఖగోళ శాస్త్రవేత్త కంటితోనే చూసి కొలవబోయాడు, సిరియస్ అనే చుక్క దూరమవుతోందన్నాడు. నిజానికది దగ్గరవుతోంది. తర్వాతివాళ్లు ఫోటో తీసి కొలిచాక గానీ లెక్కలు కుదురుకోలేదు.

ఇంకో చిక్కుంది. మనం కూడా కదిలే బండిలోనే ఉన్నాం. భూమి సూర్యుడి చుట్టూ సెకనుకు 30 కిలోమీటర్ల వేగంతో తిరుగుతోంది. సెప్టెంబరు మొదట్లో రోహిణి వైపు పోతుంది, అప్పుడు గీతలు కొలిస్తే వచ్చే వేగం 24. మార్చి మొదట్లో దానికి ఎదురు దిక్కున పోతుంది.

అంటే ఆ సాయంత్రం మేడ మీద నుంచి కొలిచి ఉంటే 84 వచ్చేది. అందులో రోహిణిది 54, మిగతా 30 మాది.