పాత టర్బో హ్యాచ్‌బ్యాక్: అపోహలు, వాస్తవాలు

తిరుపతిలో కార్లు బాగుచేసే షెడ్డు నడుపుతున్న నా దగ్గరకు, 2013లో మన దేశంలో విడుదలైన పోలో జీటీ టీఎస్‌ఐ, 2015లో వచ్చిన అబార్త్ పుంటో వంటి, ఇంజనులోకి గాలిని ఒత్తిడితో నెట్టే టర్బో ఉన్న చిన్న కార్లను సెకండ్ హ్యాండ్‌లో కొన్నవారు, కొనబోయేవారు తరచుగా వస్తుంటారు. 1.4 లీటర్ల ఇంజనుతో 145 హార్స్‌పవర్ ఇచ్చే పుంటో మీద ఎవరైనా మనసు పడితే నేను ఆశ్చర్యపోను. అయితే వచ్చినవారందరూ అడిగేది ఇంజను గురించే. నేను ముందుగా తడిమి చూసేది మాత్రం రబ్బరును, ఆయిళ్లను.

అపోహ: పదేళ్ల బండి అయినా ముప్పై వేల కిలోమీటర్లే తిరిగింది కాబట్టి కొత్తదానితో సమానం.

వాస్తవం: తిరగకపోయినా రబ్బరుకు ఏళ్లతోనూ ఎండతోనూ వయసు మీదపడుతుంది. మన ఊరి మే నెల ఎండలో నీడ లేకుండా నిలబడిన కారుకు కూలెంట్ గొట్టాలు, టర్బో నుంచి గాలిని తీసుకెళ్లే గొట్టాలు, ఇంజనును పట్టి ఉంచే రబ్బరు దిమ్మెలు (మౌంటింగులు) ఉన్నచోటనే గట్టిపడి పగుళ్లిస్తాయి. గాలి గొట్టానికి సన్నని చీలిక పడినా బండి లాగుడు తగ్గిపోతుంది. అది చూసి టర్బోయే పోయిందనుకుని అనవసరంగా డబ్బు పోసుకున్నవారు నాకు తెలుసు. టైరు పక్కభాగం మీద తయారీ తేదీని తెలిపే నాలుగంకెలను కూడా చదవండి. 2318 అని ఉంటే అది 2018వ సంవత్సరం 23వ వారంలో తయారైనది. అంత పాత టైర్ల గాడులు ఎంత లోతుగా కనిపించినా, వాటితో వేగంగా వెళ్లడానికి నేను ఒప్పుకోను.

అపోహ: కొండ దిగేటప్పుడు న్యూట్రల్‌లో వేస్తే పెట్రోలు మిగులుతుంది, ఇలాంటి బండికి బ్రేకులు గట్టివి కాబట్టి భయమూ లేదు.

వాస్తవం: దీని గురించి ఎంత చెప్పినా నాకు తక్కువే అనిపిస్తుంది. గేరులో ఉంచి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే ఇంజెక్టర్లు పెట్రోలును పూర్తిగా ఆపేస్తాయి, చక్రాలే ఇంజనును తిప్పుతాయి. న్యూట్రల్‌లో ఉంటే ఇంజను ఆగిపోకుండా పెట్రోలు కాలుతూనే ఉంటుంది. తిరుమల నుంచి మనం దిగేది 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డు మీదుగా. అక్కడ మలుపు మలుపుకూ బ్రేకు నొక్కుతూ వస్తే డిస్కుల వేడి బ్రేక్ ఆయిల్‌కు చేరుతుంది. ఆ ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. బ్రేక్ ఆయిల్ రకాన్ని తెలిపే డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ఆయిల్ 230 డిగ్రీల లోపు మరగకూడదు, తేమ పట్టిన తరువాత ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. మరిగిన ఆయిల్‌లో ఆవిరి బుడగలు పుట్టి, పెడల్ కింది దాకా దిగిపోయినా బండి ఆగదు. ఒకసారి పిల్లలతో కొండ దిగిన ఒక కుటుంబం పెడల్ మెత్తగా పోతోందని అలిపిరి నుంచి నేరుగా నా షెడ్డుకు వచ్చింది; విప్పి చూస్తే ఆయిల్ టీ డికాషన్ రంగులో ఉంది. రెండేళ్లకొకసారి దాన్ని మార్పించండి, రెండో గేరులో దిగండి, ఆటోమేటిక్ అయితే గేరును మీరే ఎంచుకునే మోడ్‌లో పెట్టండి. కిందికి 40 నిమిషాల లోపు చేరకూడదన్న నిబంధన ఎలాగూ ఉంది కాబట్టి తొందరపడి గెలిచే సమయమేమీ లేదు.

అపోహ: టర్బో బండిని ఉదయం ఐదు నిమిషాలు నిలబెట్టి వేడి చేయాలి.

వాస్తవం: అర నిమిషం చాలు, ఆపైన మొదటి కొన్ని కిలోమీటర్లు నెమ్మదిగా నడిపితే సరిపోతుంది. జాగ్రత్త కావలసింది ఆపేటప్పుడు. ఘాట్‌లో గట్టిగా ఎక్కించిన వెంటనే తాళం తిప్పేస్తే, టర్బో బేరింగులలో నిలిచిపోయిన ఆయిల్ మాడి మసి కడుతుంది. బండి నిలిపి, ఒక నిమిషం ఇంజనును ఐడిల్‌లో (యాక్సిలరేటర్ నొక్కకుండా) నడవనిచ్చి ఆపండి.

అపోహ: పదిహేనేళ్లు నిండితే కారు తుక్కుకే.

వాస్తవం: పెట్రోలు కార్లకు పదిహేనేళ్ల నిషేధమన్నది ఢిల్లీ రాజధాని ప్రాంతానికి సంబంధించిన మాట. మన దగ్గర సొంత కారును రవాణా శాఖ తనిఖీకి చూపించి, రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్లకు పొడిగించుకోవచ్చు. అక్కడ పొగ, శబ్దం, లైట్లు, బ్రేకులు చూస్తారు కాబట్టి, మోత కోసం సైలెన్సరు మార్పించుకోవడానికి వచ్చే కుర్రవాళ్లను నేను వద్దనే వారిస్తాను. ముందే మార్పించి ఉంటే, కంపెనీ సైలెన్సరును పాత ఇనుపవాడికి అమ్మవద్దని, నూనె గుడ్డ చుట్టి అటక మీద దాచుకోమని చెబుతాను.