ముందు టవర్లు, తర్వాత రోడ్డు లెక్క

హైదరాబాద్ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు కొత్త బిజినెస్ పార్క్ వస్తోందంటే అందరూ అడిగేది ఒక్కటే: ఈ ట్రాఫిక్ ఎవరికీ ముందే కనబడలేదా? కనబడే అవకాశం ఉంది, కానీ చూసిన తీరు తేడా. అది తెలియాలంటే 2006కి వెళ్లాలి.

అంతకుముందు, 1998 నవంబర్‌లో అప్పటి ప్రధాని వాజ్‌పేయి ఐటీ ఆఫీసుల భవనం సైబర్ టవర్స్‌ను ప్రారంభించేనాటికి మాదాపూర్ చుట్టూ రాళ్లగుట్టలు, ఖాళీ జాగాలు. 2003లో ఎంఎంటీఎస్ లోకల్ రైలు వచ్చింది, హైటెక్ సిటీకి స్టేషనూ వచ్చింది, కానీ రైలు దిగాక ఆఫీసుకి చేరడానికి మళ్లీ ఇంకో బండి వెతుక్కోవాల్సిందే.

ఇక 2006. ఆ మార్చిలో జీవో 86తో హైదరాబాద్‌లో ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి తీసేశారు. అంటే స్థలానికి ఇన్ని రెట్లే కట్టాలన్న హద్దు పోయింది. ఎంత ఎత్తు కట్టొచ్చు, చుట్టూ ఎంత వదలాలి అన్నవి ప్లాటు ముందున్న రోడ్డు వెడల్పును బట్టి చూస్తారు. ముందున్న రోడ్డు సరే, అది వెళ్లి కలిసే జంక్షన్ సంగతి? అదే ఏడాది సెప్టెంబర్‌లో కేంద్రం ఈఐఏ (పర్యావరణంపై ప్రభావం అంచనా) నోటిఫికేషన్ ఇచ్చింది. 20,000 చదరపు మీటర్లు దాటిన నిర్మాణానికి పర్యావరణ అనుమతి కావాలంది. ఆ దరఖాస్తులో పార్కింగ్ కొరత వస్తుందా, గేటు దగ్గర ట్రాఫిక్ ఎలా నడిపిస్తారు అని అడుగుతారు. మంచి ప్రశ్నలే, కానీ జవాబు రాసే కన్సల్టెంట్‌ను పెట్టుకునేది కట్టేవాళ్లే, పైగా ఏ భవనం లెక్క ఆ భవనానిదే.

పదివేల మంది పనిచేసే క్యాంపస్ అనుకుందాం. నలుగురిలో ఒకరు ఒంటరిగా కారేసుకొచ్చినా 2,500 కార్లు, అదీ పొద్దున రెండు మూడు గంటల్లో. అలాంటివి పక్కపక్కనే అయిదు లేస్తే, అనుమతి వచ్చి ఇంకా పూర్తికానివి మరో మూడుంటే, ఆ మొత్తం ఒకే సిగ్నల్ మీద పడుతుంది. నిజమైన అంచనా అంటే ఈ మొత్తాన్ని కలిపి చూడటం, బస్సులో ఎందరు, బైకుల మీద ఎందరు, నడిచి ఎందరు వస్తారో విడివిడిగా లెక్కకట్టడం.

తర్వాత జరిగిందంతా వెనకనుంచి సర్దుకోవడమే. మైండ్‌స్పేస్ ఫ్లైఓవర్ 2018లో, రాయదుర్గం దాకా మెట్రో 2019లో, దుర్గం చెరువు తీగల వంతెన 2020లో. నేను వీటిని తక్కువ చేయడం లేదు, రోజూ లక్షలమందికి పనికొస్తున్నాయి. కానీ మెట్రో రాయదుర్గం దగ్గరే ఆగింది. నానక్‌రామ్‌గూడ ఆఫీసులకి వెళ్లేవాళ్లు అక్కడ దిగి క్యాబో, ఆటోనో, బస్సో పట్టుకోవాలి.

ఇప్పుడు కోకాపేట వంతు. అక్కడి నియోపోలిస్ లేఅవుట్‌లో ఒక ప్లాటు 2023 ఆగస్టు వేలంలో ఎకరా వంద కోట్లు దాటింది. రాయదుర్గం నుంచి అక్కడికి 11.6 కిలోమీటర్ల మెట్రో ప్రతిపాదన కేంద్రానికి వెళ్లింది 2024 నవంబర్‌లో.