యూనివర్సిటీ గోడ మీది బొమ్మలు: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో ఒక యూనివర్సిటీ భవనంలో విద్యార్థుల చిత్రాలు, మన ఊళ్ల కళాకారుల పనులు గోడకెక్కించే బాధ్యత కొన్నేళ్లుగా చూస్తున్నాను. ఎక్కించడం ఒక పూట పని. వాటిని కాపాడటమే ఏళ్ల తరబడి సాగే పని. ఈ పనిలో నాకు తరచూ వినిపించే మాటలు ఇవి.

అపోహ: వెలుతురు ఎంత ఎక్కువ పడితే బొమ్మకు అంత అందం.

వాస్తవం: వాటర్ కలర్‌కు, బట్ట మీద వేసిన కలంకారీకి 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురును కొలిచే యూనిట్) చాలని మ్యూజియం వాళ్ల లెక్క. ఆయిల్ పెయింటింగ్ అయితే 200 దాకా పర్వాలేదు. మన కారిడార్లలో అద్దాల కిటికీ పక్కన పగటిపూట వేల లక్స్ పడుతుంది. రోజూ జరిగే నష్టం కూడుతూనే పోతుంది, వెలిసిన రంగు మళ్లీ రాదు. ఒక విద్యార్థిని వేసిన వాటర్ కలర్‌ను నేనే అలాంటి చోట పెట్టాను. రెండు ఎండాకాలాలకు అందులోని గులాబీ రంగు పోయింది. ఫ్రేమ్ విప్పితే, మౌంట్ (బొమ్మ చుట్టూ పెట్టే అట్ట) కింద దాగిన అంచులో మాత్రం అసలు రంగు అలాగే ఉంది. ఆ అమ్మాయికి ఫోన్ చేసి చెప్పడం చాలా కష్టమైంది.

ఆంధ్రప్రదేశ్‌లోని నిమ్మలకుంట ఊళ్లో చేసే తోలుబొమ్మల సంగతి వేరు. అవి తెర వెనక దీపం వెలుగులో చూడటానికి చేసినవి. గోడకు ఆనించి మేకు కొడితే నల్లగా, జీవం లేనట్టు కనిపిస్తాయి. వెనక కాస్త ఖాళీ వదిలి, వేడి తగలకుండా సన్నని వెలుగు పెట్టాలి.

అపోహ: అద్దం బిగిస్తే ఇక భయం లేదు. లేదంటే లామినేషన్ చేయిస్తే సరి.

వాస్తవం: అద్దం బొమ్మను తాకితే వానాకాలం చెమ్మకు రంగు అద్దానికే అంటుకుంటుంది. మధ్యలో మౌంట్ బోర్డు ఉండాలి, ఫ్రేమ్ వెనక మూలల్లో చిన్న కార్క్ ముక్కలు అతికించి గాలి ఆడనివ్వాలి. ఇక లామినేషన్ అంటారా, అసలు బొమ్మకు దయచేసి వద్దు. ఆ ప్లాస్టిక్‌ను మళ్లీ ఊడదీయలేం.

అపోహ: కాలేజీకి ఇచ్చేశాక అది కాలేజీ బొమ్మ, ఏమైనా చేసుకోవచ్చు.

వాస్తవం: విద్యార్థి తనంతట తాను వేసిన బొమ్మను కాలేజీకి ఇచ్చినా, రాతపూర్వకంగా రాసిస్తే తప్ప కాపీరైట్ విద్యార్థిదే. బ్రోషర్ మీద వేయాలంటే అడగాలి. 1957 కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం, హక్కులు అమ్మేసుకున్నా తన పేరు పెట్టమనే హక్కు, తన గౌరవం పోయేలా పనిని పాడుచేస్తే నిలదీసే హక్కు కళాకారుడికి ఉంటాయి. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో శిల్పి అమర్‌నాథ్ సెహగల్ చేసిన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో ఆయనకు చెప్పకుండా తీసేసి స్టోర్‌లో పడేశారు. ఆయన కోర్టుకెక్కారు. మిగిలిన ముక్కలు ఆయనకు తిరిగిచ్చి, 5 లక్షల రూపాయల పరిహారం కట్టాలని 2005లో ఢిల్లీ హైకోర్టు తీర్పిచ్చింది. రంగులు వేయిస్తున్నామని బొమ్మలు దించి మెట్ల కింద కుక్కే ప్రతి చోటా ఈ తీర్పు గుర్తుండాలి.

అపోహ: స్థానిక కళ అంటే అలంకరణ. కింద ‘చేర్యాల పెయింటింగ్’ అని రాస్తే చాలు.

వాస్తవం: నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే. పక్కనే విద్యార్థి బొమ్మకు పేరు, బ్రాంచి, సంవత్సరం ఉంటాయి. చేర్యాల పటానికి మాత్రం ఊరి పేరే మిగులుతుంది. ఖాదీ బట్టకు చింతగింజల అంబలి, సుద్దమట్టి పూసి, ఆరబెట్టి, ఎర్రటి నేపథ్యం మీద కథంతా గీసిన నకాషీ కళాకారుడికి పేరు లేదా? పైగా ఆ పటాలు గోడకు వేలాడదీయడానికి పుట్టినవి కావు. కథలు చెప్పే కూనపులివాళ్లు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెబుతూ ఒక్కో ఘట్టం విప్పి చూపించినవి. ఆ సంగతి రాయకపోతే చూసేవాళ్లకు ఎర్రరంగు తప్ప ఏం తెలుస్తుంది?

ఇప్పుడు మా కార్డుల మీద మొదటి వరుసలో వేసినవారి పేరు, రెండో వరుసలో ఊరు, ఆ కింద కథ రెండు వాక్యాల్లో ఉంటాయి. విద్యార్థికైనా, నకాషీ కళాకారుడికైనా అక్షరాల సైజు ఒకటే.