వంకర కాలివేళ్ల ఆపరేషన్: అపోహలు - వాస్తవాలు

అపోహ: బొటనవేలి పక్కన ఎముక పెరిగింది, చెక్కేస్తే సరిపోతుంది.

బొటనవేలి మొదట్లో వచ్చే ఈ బుడిపెను బనియన్ అంటాం. దాని గురించి నేను ఎక్కువగా వినే మాట ఇదే. నిజానికి అక్కడ కొత్తగా పెరిగేది తక్కువే. బొటనవేలి వెనక, పాదంలో ఉండే పొడవాటి ఎముక రెండో పాదం వైపుకి జరుగుతుంది, వేలేమో పక్కవేళ్ల మీదికి వాలుతుంది. మధ్యలో కీలు బుడిపెలా పొడుచుకొస్తుంది. ఉత్త బుడిపెను చెక్కి వదిలేస్తే వంకర అలాగే ఉంటుంది, బుడిపె మళ్లీ వస్తుంది. అందుకే చాలామందిలో ఎముకను కోసి, సరైన చోటికి జరిపి, స్క్రూలతో బిగిస్తాం.

అపోహ: రాత్రిళ్లు పట్టీ కట్టుకుంటే వేలు తిన్నగా అవుతుంది.

పెద్దవాళ్లలో కాదు. కట్టుకున్నంతసేపు నొప్పి కాస్త తగ్గొచ్చు, అంతే.

అపోహ: ఏ వేలు కొక్కెంలా వంగినా, అందరికీ ఒకటే ఆపరేషన్.

ఎక్స్‌రే కన్నా ముందు నేను వేలు పట్టుకుని చూస్తాను. నా చేత్తో లాగితే తిన్నగా వస్తోందా? అయితే స్నాయువును (కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి దాన్ని) కోసో, దారి మళ్లించి కుట్టో సరిచేయొచ్చు. కీలు బిగుసుకుపోయి, పైన షూ రాసుకుని ఆనెకాయ కట్టిందా? అప్పుడు కీలులో కొంచెం ఎముక తీయాలి, లేదా కీలును అతికించాలి. వేలి చివర నుంచి సన్నని తీగ పెట్టి 4 నుంచి 6 వారాలు ఉంచుతాం. ఆ తీగ తీసేరోజు అందరికీ టెన్షనే. కళ్లు గట్టిగా మూసుకుని "మొదలుపెట్టారా డాక్టర్?" అంటారు. అప్పటికే తీగ ట్రేలో ఉంటుంది.

అపోహ: షుగర్ ఉంటే కాలి మీద కత్తి పెట్టకూడదు.

ముందు పాదానికి రక్తం బాగా అందుతోందో లేదో చూస్తాం, షుగర్ అదుపులోకి తెస్తాం. స్పర్శ పోయిన పాదంలో వంగిన వేలి కొన నేలకు ఒత్తుకుని పుండు పడుతుంది. అలాంటప్పుడు వేలి కిందివైపు చిన్న గాటుతో స్నాయువు కోస్తే కొన మీద ఒత్తిడి తగ్గి పుండు మానే అవకాశం ఎక్కువ. ఇక్కడ ఆపరేషన్‌కి భయపడి ఆలస్యం చేయడమే వేలికి ముప్పు.

అపోహ: నొప్పి లేకపోయినా అందం కోసం చేయించుకోవచ్చు.

నేనైతే చేయను. ఆపరేషన్ తర్వాత వేలు బిగుసుకుపోవచ్చు, వంకర తిరిగి రావచ్చు. నొప్పి లేని పాదానికి నొప్పి తెచ్చిపెట్టడం ఎందుకు?

అపోహ: నెలల తరబడి మంచం మీదే.

చాలామందిని గట్టి అడుగున్న ప్రత్యేక చెప్పుతో ఒకటి రెండు రోజుల్లోనే నాలుగడుగులు వేయిస్తాం. వాపు మాత్రం మొండిది. పూర్తిగా తగ్గడానికి 6 నెలలు, ఒక్కోసారి ఏడాది పడుతుంది. ఈలోపు ఖరీదైన షూ కొనకండి, తర్వాత వదులైపోతాయి.