మా తాతకు పుట్టినరోజు లేదు

గుంటూరు, బ్రాడీపేట

చిట్టితల్లీ, చిన్నోడా,

మొన్న వీడియో కాల్‌లో మీరు అడిగినదానికి "తర్వాత చెప్తాలే" అని తప్పించుకున్నాను, గుర్తుందా? స్కూల్లో ఇచ్చిన ఫ్యామిలీ ట్రీ చార్టులో మా తాత పేరు రాశారు, ఫోటో లేకపోతే మీసాలు పెట్టి బొమ్మ గీశారు, పుట్టినతేదీ గడి దగ్గరకొచ్చి ఆగిపోయారు. "తాతయ్యా, మీ తాత బర్త్‌డే ఎప్పుడు?" అన్నారు. డెబ్బై ఆరేళ్ళొచ్చాయి, నాకీ ప్రశ్న ఎప్పుడూ తట్టలేదు. సిగ్గేసింది.

పోయినరోజు మాత్రం తెలుసు. కార్తీక బహుళ షష్ఠి. ఏటా ఆ రోజు మా నాన్న తద్దినం పెట్టేవాడు. తిథి తెలుసు గానీ ఏ సంవత్సరమో ఎవరూ రాసిపెట్టలేదు. తద్దినానికి సంవత్సరంతో పనేముంది? ఇంకో సంగతి. తద్దినం పెట్టించే బ్రహ్మగారు మూడు తరాల పేర్లే చెప్పిస్తారు. రేపు నేను పోయాక మీ నాన్న నా పేరు, మా నాన్న పేరు, మా తాత పేరు చెబుతాడు. మీ వంతు వచ్చేసరికి మా తాత ఆ వరసలోంచి జారిపోతాడు. అందుకే మీరు అడిగిన మర్నాడే రేకుపెట్టె దింపించాను.

ఈ వెతుకులాట ఎలా సాగిందో చెప్పాలంటే ముందు చెలమ గురించి, అంటే ఏటి ఇసుకలో తవ్వుకునే నీటిగుంట గురించి చెప్పాలి. మీరు చెలమ చూసి ఉండరు. మా అమ్మ పుట్టిల్లు విజయవాడ. అప్పటికి పెద్దవాళ్ళంతా బెజవాడ అనే అనేవాళ్ళు. ప్రకాశం బ్యారేజీ 1957లో పూర్తయింది, నాకు అప్పుడు ఎనిమిదేళ్ళు. వేసవిలో బ్యారేజీకి దిగువన కృష్ణ అంతా ఇసుకే. మా మామయ్య మమ్మల్ని పొద్దున్నే తీసుకెళ్ళి, కొబ్బరిచిప్పలిచ్చి తవ్వమనేవాడు. మోచేతి లోతు తవ్వితే ఇసుక తడిగా తగులుతుంది. ఇంకాస్త తవ్వితే అడుగున నీళ్ళు ఊరతాయి. మొదట ఊరేది బురద. దాన్ని తోడి పారబోయాలి, మళ్ళీ ఊరనివ్వాలి, మళ్ళీ తోడాలి. మూడోసారికి కొబ్బరినీళ్ళలా తేటగా వస్తాయి. నేను తొందరపడి అంచు మీద కాలు వేసేవాణ్ణి. ఒడ్డు కూలి అంతా మొదటికొచ్చేది. మామయ్య నెత్తి మీద ఒక మొట్టికాయ వేసి, "కూర్చోరా, అదే ఊరుతుంది" అనేవాడు. ఇంటికొచ్చాక అమ్మమ్మ పెట్టే చద్దన్నం, మాగాయ టెంక... సరే, ఆ కథ మొదలుపెడితే ఉత్తరం అక్కడే అయిపోతుంది.

మా మేనత్తది తెనాలి. తొంభై రెండేళ్ళు. చెవులు కొంచెం మందం, నోరు మాత్రం భేషుగ్గా ఉంది. వెళ్ళి "అత్తయ్యా, తాత ఎప్పుడు పుట్టాడు?" అని అడిగాను. "నందన కరువులో పుట్టాడంట్రా మా నాయన" అంది. మీకు తెలియదు గానీ, మన గుంటూరు సీమలో నందన కరువంటే డొక్కల కరువు. తిండిలేక మనుషుల డొక్కలు ఎండిపోయిన కరువు. అది 1832-33లో వచ్చింది. ఆ లెక్కన మా తాత నూరేళ్ళు దాటి బతకాలి! నవ్వుకుని ఊరుకున్నాను. ఆ మధ్యాహ్నమే పెద్దనాన్నగారబ్బాయికి ఫోన్ చేస్తే, "నందనలో పుట్టడం ఏంటి? నందనలోనే పోయాడు. ఆనకట్టకి గండి పడిన ఏడు" అని గట్టిగా వాదించాడు. ఒకరు పుట్టాడంటారు, ఒకరు పోయాడంటారు. చెలమలో మొదటి నీళ్ళు ఇలాగే ఉంటాయి.

తోడి పారబోయకుండా రెండు రోజులు అలా ఉంచాను. తెలుగు సంవత్సరాలు ప్రభవ, విభవ అంటూ అరవై. అరవై అయ్యాక మళ్ళీ అవే పేర్లు మొదలవుతాయి. 1832 నందన. దానికి అరవై కలిపితే 1892, అదీ నందనే. ఇంకో అరవై కలపండి, 1952. కృష్ణ మీద 1855లో పూర్తయిన పాత ఆనకట్టకు గండి పడింది సరిగ్గా 1952లోనే. అంటే ఇద్దరూ నిజమే చెప్పారు. మా తాత ఒక నందనలో పుట్టి, పక్క నందనలో పోయాడు. 'కరువు' అన్న మాట ఒక్కటే అదనం. మన ప్రాంతంలో నందన అనగానే కరువు అని నాలుక మీదికి వచ్చేస్తుంది, అంతే.

మళ్ళీ తెనాలి వెళ్ళాను. ఈసారి తేదీ అడగలేదు. "తాత పుట్టినప్పుడు చేలో ఏముందో మీ నాయనమ్మ ఏమన్నా చెప్పిందా?" అన్నాను. పెద్దవాళ్ళకు తేదీలు గుర్తుండవర్రా, పంటలు గుర్తుంటాయి, వంటలు గుర్తుంటాయి. అత్తయ్య కాసేపు పైకప్పు వైపు చూసి, "జొన్న కోతలప్పుడంట. మంత్రసాని కోత వదిలేసి వచ్చిందని చెప్పేది" అంది. మన నల్లరేగడి చేలల్లో రబీ జొన్న కోతకొచ్చేది జనవరి, ఫిబ్రవరిలో. నందన సంవత్సరం ఉగాదితో మొదలై మరుసటి ఉగాది దాకా ఉంటుంది కదా. కాబట్టి మా తాత పుట్టింది 1892లో కాదు, 1893 మొదట్లో. ఆ వెంటనే అత్తయ్య నేనడగని మాట ఒకటి అంది. "షష్టిపూర్తి చెయ్యాలని మా అమ్మకి పట్టుచీర కూడా తెచ్చార్రా. సంక్రాంతి ఇంకా రాకముందే పోయాడు." తర్వాత నేనేమీ అడగలేదు. కాఫీ తాగి వచ్చేశాను.

ఇక పెట్టెలో కాగితాలు. అన్నిటికంటే పైన శిస్తు రసీదుల కట్ట. చిన్నప్పుడు ఒకసారి దాన్ని విప్పి, రసీదు మీద 1330 అని చూసి, మా తాత ఆరొందల ఏళ్ళ కిందటివాడా అని హడలిపోయాను. అది ఫసలీ. శిస్తు లెక్కలకు వాడే సంవత్సరం, జులై 1న మొదలవుతుంది. దానికి 590 కలిపితే మామూలు సంవత్సరం వస్తుంది. 1330 అంటే 1920-21. కట్టలో 1330 ఉంది, 1332 ఉంది, మధ్యలో 1331 లేదు! కలిపి చూడండి, 1921-22. మా ఊరు పెదనందిపాడుకు కోసెడు దూరం. ఆ చలికాలంలోనే అక్కడ పర్వతనేని వీరయ్య చౌదరిగారి నాయకత్వంలో శిస్తు కట్టబోమని జనం ఎదురుతిరిగారు. మునసబులు, కరణాలు రాజీనామాలు చేశారు. నా గుండె ఒక్కసారి ఎగిరింది. మా తాత పన్నుల నిరాకరణలో ఉన్నాడన్నమాట! ఊరంతా ఫోన్లు చేసి చెప్పబోయి ఆగాను. ఆ కట్ట చివర్లన్నీ ఎలుకలు కొరికేశాయి. ఉద్యమం ఆగిపోయాక శిస్తు కట్టినవాళ్ళూ చాలామంది ఉన్నారు. రసీదు కట్టలో లేదంటే లేదనే అర్థం, ఆయన కట్టలేదని కాదు. మీరు చార్టులో జెండా బొమ్మ గీయకండి. పక్కన చిన్న ప్రశ్నార్థకం పెట్టండి, చాలు.

దాని కింద ఒక దస్తావేజు ఉంది. 1928 జూన్, విభవ నామ సంవత్సరం. జార్జి చక్రవర్తి తలబొమ్మ ఉన్న స్టాంపు కాగితం. గుండుసూది తుప్పుపట్టి మూలన ఎర్రటి మచ్చ పడింది. మడత మీద చిరుగుపట్టింది, పొట్టలో మాత్రం అక్షరం చెదరలేదు. రెండెకరాల నలభై సెంట్లు కొన్నాడు. తూర్పు పుంత, దక్షిణం వాగు. పేరు పక్కనే 'వయస్సు 36'. చిన్నోడా, నువ్వు లెక్క వేసి 35 కదా అంటావు. అప్పట్లో నడుస్తున్న ఏడునే వయసుగా చెప్పేవాళ్ళు. సరిపోయింది! చివర ఆయన చేవ్రాలు ఉంది. మొదటి రెండక్షరాలూ గట్టిగా నొక్కి రాశాడు, సిరా మెరుస్తోంది. మూడో అక్షరానికి కలం ఎండినట్టుంది, మళ్ళీ ముంచాడు. ఆ మధ్యలో ఒక చుక్క పడింది. ఆ చుక్క మీద వేలు పెట్టి ఎంతసేపు కూర్చున్నానో మీ నాయనమ్మను అడగండి, చెబుతుంది.

పుట్టిన జిల్లా గడిలో గుంటూరు అని రాసేస్తారేమో, ఆగండి. ఆయన పుట్టేనాటికి గుంటూరు జిల్లా లేదు. 1859లో తీసేశారు, మళ్ళీ 1904లో పెట్టారు. ఆ మధ్యలో మా ఊరు కృష్ణా జిల్లాలో ఉంది. ఆయన ఉన్న ఇల్లు కదలకుండానే పదకొండేళ్ళ వయసులో జిల్లా మారాడు.

ఒక్కటి మాత్రం బాధగా ఉంది. పేర్లు చెక్కిన ఇత్తడి బిందెలు మా ఇంట్లో పది దాకా ఉండేవి. నేను ఉద్యోగానికి వెళ్ళిన రోజుల్లో ఇంట్లోవాళ్ళు వాటిని స్టీలు సామాన్లవాడికి తూకానికి వేసి టిఫిన్ క్యారియర్లు తీసుకున్నారు. వాటి మీద పెళ్ళిళ్ళ తేదీలుండేవి, ఎవరు ఎవరికి పెట్టారో ఉండేది. ఒక్క చెంబు మిగిలింది. దాని మీద మా తాత పేరు, పక్కన తెలుగు అంకెలు. ౧౯ (అంటే 19) కనబడుతోంది, తర్వాతి రెండూ అరిగిపోయాయి. రోజూ నీళ్ళు తాగిన చెంబు కదా.

చెలమ పోలిక ఇక్కడ కుదరదేమో. చెలమలో నీళ్ళు మళ్ళీ ఊరతాయి. ఈ అంకెలు ఊరవు.

మీ గడిలో ఇలా రాయండి: నందన, 1893 జనవరి-ఫిబ్రవరి, జొన్న కోతలప్పుడు. టీచరుగారు తేదీ ఏదని అడిగితే ఈ ఉత్తరం చూపించండి.

ఇప్పుడు మీకో పని. ఆదివారం మీ అమ్మమ్మగారింటికి వెళ్తారుగా. అటక మీద పాత ఇత్తడి, రాగి సామాన్లు దింపించండి. మీరు ఎక్కొద్దు, మీ మావయ్యను ఎక్కమనండి. అంచు కింద చూడండి, అక్షరాలు చుక్కలు చుక్కలుగా ఉంటాయి. చింతపండుతో మెల్లగా తోమితే పైకి తేలతాయి, పీచు మాత్రం వాడకండి. చదవడం రాకపోతే వెలుతురు పక్కనుంచి పడేలా పెట్టి ఫోటో తీసి పంపండి. భూతద్దం దగ్గర పెట్టుకుని నేను చదువుతాను.

మీ
తాతయ్య