తేలలేదు, అంతే

అనకాపల్లి

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు తాతయ్య ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమిద్దరం క్షేమం. నాన్నమ్మ మోకాలు మామూలే.

మొన్న ఆదివారం పెద్దది హాస్టల్ నుంచి ఫోన్ చేసి ఏడ్చింది. నెలకు ఇచ్చే నాలుగు వేలకు పద్దు రాయమని మీ నాన్న చెప్పాడట. మూడు వారాలు రాసింది. నాలుగో వారం పుస్తకంలో ఉన్న నిల్వకీ బ్యాంకులో ఉన్న డబ్బుకీ పొంతన కుదరలేదు. నాలుగుసార్లు కూడి, పుస్తకం మంచం కిందకి విసిరేసి, "నాకు లెక్కలు రావు తాతయ్యా, నావల్ల కాదు" అంది. దానికొక్కదానికే రాద్దామనుకున్నాను కానీ ఇవాళ కాకపోతే రేపు మీ అందరికీ ఈ గొడవ తప్పదు. అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను. నాన్నమ్మ ఫొటో తీసి వాట్సాప్‌లో పెడుతుంది.

నాకు పంతొమ్మిదేళ్లప్పుడు, 1974లో, ఇక్కడ ఒక బెల్లం కొట్టులో చిన్న గుమాస్తాగా చేరాను. జీతం 75 రూపాయలు. పొద్దున్నే రైతులు దిమ్మలు తెస్తారు. కాటా వేయాలి, ధర కట్టాలి, కమీషనూ హమాలీ కూలీ తీసేసి మిగతాది రైతు చేతిలో పెట్టాలి. ప్రతిదీ చిట్టాలో ఎక్కాలి. చేతులకు బెల్లం జిగురు, పుస్తకానికీ అదే. పేజీ తిప్పితే చీమలు. సాయంత్రం కొట్టు కట్టేసేముందు చిట్టాలో నిల్వ ఎంతో, గల్లాపెట్టెలో రొక్కం అంత ఉండాలి. 

చేరిన రెండో వారం ఒకరోజు గల్లాపెట్టెలో 63 రూపాయలు తక్కువొచ్చాయి. నా జీతం 75 అని చెప్పాను కదా! అయిదుసార్లు లెక్కపెట్టాను. షావుకారు ఏమీ అనలేదు, కానీ ఒక చూపు చూశాడు. తిట్టినా బాగుండేది. చెవులు వేడెక్కిపోయాయి, అంకెలు అలుక్కుపోయినట్టు కనపడ్డాయి. కలం బల్ల మీద పడేసి "నాకు రాదండీ, రేపు మా ఊరు వెళ్లిపోతాను" అన్నాను.

పెద్ద గుమాస్తా తల కూడా ఎత్తలేదు. "రాకపోవడం కాదురా, తేలలేదు. తేలలేదంటే ఎక్కడో ఉందని. అరవై మూడు తొమ్మిదితో పోతుందా?" అన్నాడు.

పోతుంది, ఏడు తొమ్మిదులు అరవై మూడు. అయితే ఏదో అంకె తిరగబడి ఉంటుంది చూడమన్నాడు. చూశాను. హమాలీలకు ఇచ్చింది 81. నేను రాసింది 18. పది నిమిషాలు పట్టలేదు.

ఇదేం మంత్రం కాదు. పదుల స్థానంలో ఉండాల్సిన 8 ఒకట్లలోకి దిగితే 80 కాస్తా 8 అయి 72 పోయింది. ఒకట్లలో ఉండాల్సిన 1 పదుల్లోకి ఎక్కితే 1 కాస్తా 10 అయి 9 కలిసింది. 72లో 9 తీసేస్తే 63. ఏ రెండు అంకెలు పక్కపక్కన తారుమారైనా తేడా తొమ్మిదితో నిశ్శేషంగా పోతుంది. సున్నా మరిచిపోయి 450ని 45 అని రాసినా అంతే, తేడా 405. తొమ్మిదితో పోయిన ప్రతి తేడా ఇదే అని కాదు, ముందు వెతకాల్సిన చోటు మాత్రం అదే. అక్కడ దొరక్కపోతే తేడాలో సగం ఎంతో చూడాలి. 240 తేడా వస్తే 120 కోసం వెతకాలి. ఖర్చులో రాయాల్సింది జమలో రాస్తే తేడా రెట్టింపవుతుంది మరి.

ఆయన నేర్పిన ఇంకో సంగతి, మూడోసారి తర్వాత పై నుంచి కిందకి కూడకూడదని. కళ్లు ముందు చూసిందే మళ్లీ చూస్తాయి. లేచి టీ తాగి వచ్చి, కింది నుంచి పైకి కూడాలి. కోపంగా ఉన్నప్పుడు అసలు కూడొద్దనేవాడు. అయినా కొన్ని దొరికేవి కావు. ఒకసారి నాలుగు రూపాయలు మూడు రోజులు వెతికాను. చివరికి ఆయన "అనామతులో వెయ్" అన్నాడు. అనామతు అంటే ఏ పద్దుకు చెందుతుందో ఇంకా తెలియని డబ్బును పెట్టే ఖాతా. తేడాను అక్కడ రాసి, మర్నాటి చిట్టా మొదలుపెట్టాలి. ఆ నాలుగు రూపాయలు ఇప్పటికీ తేలలేదు!

కొత్త లెక్క ఎవరినైనా తికమక పెడుతుంది. 1957 ఏప్రిల్ 1న రూపాయికి పదహారు అణాల లెక్క పోయి నూరు నయాపైసల లెక్క వచ్చినప్పుడు మా నాన్న చిన్న బడ్డీ కొట్టు నడిపేవాడు. అణాకు 6 నయాపైసలు, రెండణాలకు 12, మూడణాలకు 19, పావలాకు 25. అణా సరుకు మూడుసార్లు విడివిడిగా కొంటే 18, ఒకేసారి కొంటే 19. ఆ ఒక్క పైసా కోసం రోజూ కొట్టు ముందు తగువే. వీధి చివరి బడిపిల్లాణ్ణి పిలిచి అడిగేవాడట. చెప్పేటప్పుడు మాత్రం ఆ పిల్లాడికే ఏమీ రాదనేవాడు.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. ఊరందరి పద్దులూ రాసిన నేను నా ఇంటి పద్దు రాయలేదు. ప్రతి జనవరికీ ఒక డైరీ వచ్చేది, సంక్రాంతి దాటితే అన్నీ తెల్ల కాగితాలే. నాలుగు రోజులు రాయడం, ఐదో రోజు ఏదో మరిచిపోవడం, తేడా రావడం, చిరాకుపడి మానేయడం. 1981లో మీ చిన్న మామ్మ పెళ్లికి 3,000 అప్పు చేశాను, రెండు రూపాయల వడ్డీకి. రెండు రూపాయలంటే చిన్నగానే వినిపిస్తుంది. కానీ అది నూటికి, నెలకు. అంటే ఏడాదికి 24. నెలనెలా 60 కట్టుకుంటూ పోయాను. నాలుగేళ్ల తర్వాత ఒకరోజు నాన్నమ్మ పోపుల డబ్బా పక్కన కూర్చుని "ఇప్పటికి ఎంత కట్టారు?" అని అడిగింది. కాగితం మీద వేశాను. 2,880. అసలు 3,000 అలాగే ఉంది. కాగితం తీస్తే తెలిసిపోతుందని లోపల భయం ఉండబట్టే నాలుగేళ్లూ తీయలేదనుకుంటాను. క్రెడిట్ కార్డు బాకీ నెలాఖరుకు మిగిల్చుకుంటే నెలకు మూడు, మూడున్నర శాతం, ఒక్కోచోట ఇంకా ఎక్కువే వేస్తారు. దాన్ని మన భాషలో మూడున్నర రూపాయల వడ్డీ అంటారు. ఆ మాట కార్డు అమ్మేవాడు అనడు.

ఆ తర్వాత ఇంటి పద్దు నిలిచింది. నేను మారిపోయి కాదు, పుస్తకంలో "అనామతు" అని ఒక వరుస గీసుకోవడం వల్ల. గుర్తురానిది అందులో పడేసేవాణ్ణి. మొదటి నెల అనామతు 90 రూపాయలు. ఆరో నెలకు 12. పన్నెండూ నా బీడీలేనని నాన్నమ్మ తేల్చింది.

మీ రోజులు వేరు. నాన్నమ్మ పాలకి ఒక డబ్బా, గ్యాసుకు ఒక డబ్బా పెట్టుకుంటే డబ్బా ఖాళీ అవడం కంటికి కనపడేది. మీకు అంతా ఫోన్లో ఒకే కుప్ప. నాకు ఫోన్‌పే నేర్పేటప్పుడు చిన్నోడికి గుర్తుందా, మూడుసార్లు పిన్ తప్పు కొట్టి ఆ రోజుకు బంద్ చేయించుకున్నాను. ఫోన్ నీ మొహాన కొడతానన్నాను కూడా. వాడు నవ్వి, మర్నాడు మళ్లీ వచ్చి కూర్చున్నాడు. ఇప్పుడు కూరగాయల బండి దగ్గర నేనే స్కాన్ చేస్తున్నాను. వాడే యూపీఐ లైట్ కూడా చూపించాడు, చిన్న ఖర్చులకు ఫోన్లోనే కొంత డబ్బు విడిగా పెట్టుకునే పర్సులాంటిది. వారానికి 500 అందులో వేసుకుంటే టీలూ ఆటోలూ వాటిలోనే సరిపెట్టుకోవచ్చు, నాన్నమ్మ డబ్బాలాగ. ఒకటే తిరకాసు, ఆ చిన్న ఖర్చులు బ్యాంకు స్టేట్‌మెంట్‌లో విడివిడిగా కనపడవు, వేసిన 500 ఒక్కటే కనపడుతుంది. ఎక్కడి ఖర్చు అక్కడే రాసుకోవాలి.

ఇక అమ్మడూ, నీ సంగతి. నువ్వు పంపిన రెండు పేజీలూ, బ్యాంకు కాగితమూ చూశాను. పుస్తకంలో నిల్వ 1,312. బ్యాంకులో 1,042. తేడా 270. తొమ్మిదితో పోతుందో లేదో నువ్వే చూడు. నాకు రెండు నిమిషాల్లో కనపడింది కానీ చెప్పను. రెండో పేజీ, కింది సగం. మంచం కింద నుంచి పుస్తకం తీసి, కింది నుంచి పైకి రా. దొరికాక ఫోన్ చెయ్యి. రాత్రి పదకొండు దాటినా పరవాలేదు, మోకాలి నొప్పితో నాన్నమ్మ ఎలాగూ మేలుకునే ఉంటుంది.

ఇట్లు
మీ తాతయ్య

తా.క.: సున్నుండలు బస్సులో పంపాం. పార్సిల్ ఛార్జీ 60 మేమే కట్టాం, నీ పద్దులో రాయకు.