చనిపోయాక ఏమిటి? యూదులు చెప్పే మాట

చిన్నూకీ, బుజ్జికీ తాతయ్య ఆశీస్సులు.

మీ యూదు ఫ్రెండ్ వాళ్ల తాతగారు పోయారని, "స్వర్గానికి వెళ్లారు" అని వాళ్లింట్లో ఎవరూ అనలేదని రాశారు. యూదులకు స్వర్గం, నరకం లేవా అని అడిగారు. ఉన్నాయమ్మా. కాకపోతే వాటి గురించి వాళ్లు మాట్లాడుకునేది తక్కువ.

వాళ్లకు అన్నిటికంటే పవిత్రమైనది తోరా, అంటే మోషే ఐదు గ్రంథాలు. చనిపోయాక ఏమవుతుందో అందులో దాదాపు ఏమీ ఉండదు. అబ్రాహాము కన్నుమూసి తన వాళ్లతో చేరాడంటుంది, అంతే. దేవుడిచ్చే మాట కూడా వానలు, పంటలు, సంతానం, సొంత నేల గురించే. పాత గ్రంథాల్లో కనిపించే పాతాళం మంచివాళ్లూ చెడ్డవాళ్లూ అందరూ చేరే చీకటి చోటు.

చనిపోయినవాళ్లు మళ్లీ లేస్తారన్న మాట స్పష్టంగా వినిపించేది వాళ్ల బైబిల్లోని దానియేలు గ్రంథంలో. ఆ భాగం క్రీ.పూ. 2వ శతాబ్దం నాటిదని చాలామంది పండితుల అభిప్రాయం. అప్పుడు ఆంటియోకస్ అనే గ్రీకు రాజు యూదుల మతాచారాలను నిషేధించాడు. ధర్మం తప్పనన్నందుకే మనుషుల్ని చంపుతుంటే, ఇక వాళ్లకు న్యాయం ఎప్పుడు జరుగుతుంది? ఆ బాధలోనే ఈ ఆశ బలపడిందని నా నమ్మకం. అందుకే నాకు దానిమీద అంత గౌరవం.

అయినా అందరూ ఒప్పుకోలేదు. అప్పటి యూదుల్లో రెండు వర్గాలుండేవి. సద్దూకయ్యులు పునరుత్థానం, అంటే చనిపోయి మళ్లీ లేవడం, లేదన్నారు, పరిసయ్యులు ఉందన్నారు. క్రీ.శ. 70లో రోమన్లు యెరూషలేము ఆలయాన్ని కూల్చాక సద్దూకయ్యులు కనుమరుగయ్యారు, పరిసయ్యుల దారి నిలిచింది. 12వ శతాబ్దంలో మైమోనిడీస్ అనే మహాపండితుడు రాసిన 13 విశ్వాస సూత్రాల్లో చివరిది పునరుత్థానమే. కబ్బాలా అనే యూదు మార్మిక మార్గం వాళ్లయితే ఆత్మ మళ్లీ పుడుతుందని కూడా అంటారు. ఇది చదివి బుజ్జి ఆశ్చర్యపోతుందని నాకు తెలుసు! ఇటు అమెరికాలోని రిఫార్మ్ (సంస్కరణవాద) యూదులు 1885లోనే, శరీరంతో లేవడమన్నది తమ నమ్మకం కాదని ప్రకటించారు. ఇన్ని అభిప్రాయాలున్నా అందరూ యూదులే.

క్రైస్తవంలో ఇంత వెసులుబాటు ఉండదు. క్రీస్తు లేవకపోతే మీ విశ్వాసం వ్యర్థమని పౌలు రాశాడు. ఇస్లాంలోనూ అంతిమదినాన్ని నమ్మడం విశ్వాసానికి పునాదుల్లో ఒకటి. జన్నత్ (స్వర్గం)లోని తోటలు, నదులు, జహన్నమ్ (నరకం)లోని మంటలు ఖురాన్‌లో కళ్లకు కట్టినట్టుంటాయి. యూదు గురువులు చెప్పిన గెహిన్నోము అనే నరకంలో శిక్ష చాలామందికి 12 నెలలకు మించదు. అది ఆత్మను కడిగే చోటు. ఇతర మతాల్లోని సజ్జనులకూ రాబోయే లోకంలో వాటా ఉందని కూడా వాళ్ల పాత గ్రంథాల్లో ఉంది. దానికోసం వాళ్లు యూదులుగా మారక్కర్లేదు.

ఆ 12 నెలల లెక్కలోంచే ఒక ఆచారం వచ్చింది. తల్లో తండ్రో పోతే పిల్లలు రోజూ కద్దీష్ అనే ప్రార్థన చదువుతారు. దానికి కనీసం పదిమంది పెద్దవాళ్లు కూడాలి. చాలాచోట్ల 11 నెలలకే ఆపేస్తారు. పూర్తిగా 12 చదివితే, మా నాన్న అంత శిక్షకు తగినవాడని మనమే ఒప్పుకున్నట్టు అవుతుందని! కన్నవాళ్ల మీద ఎంత మర్యాదో చూడండి. ఇంకోటి, ఆ ప్రార్థనలో చావు మాటే రాదు. మొదటినుంచి చివరిదాకా దేవుణ్ణి స్తుతించడం, శాంతి కోరడమే.

ఇప్పుడు మీరు చేయాల్సింది. పూడ్చిపెట్టాక ఏడు రోజులు వాళ్లు షివా కూర్చుంటారు, అంటే ఇంట్లో సంతాపం పాటిస్తారు. అద్దాలకు గుడ్డలు కప్పి ఉంటాయి, ఇంటివాళ్లు నేలకు దగ్గరగా పొట్టి స్టూళ్ల మీద కూర్చుంటారు. మొదటి భోజనం ఇరుగుపొరుగు తెచ్చిపెట్టాలి. అందులో ఉడికించిన గుడ్లు, పప్పులాంటివి ఉంటాయి. మీరు పువ్వులు పట్టుకెళ్లకండి, అది వాళ్ల పద్ధతి కాదు. తినేది తీసుకెళ్లాలనుకుంటే వాళ్లు కోషర్ అనే యూదు ఆహార నియమాలు పాటిస్తారేమో అమ్మని ముందే కనుక్కోమనండి. శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం చీకటిపడేదాకా సబ్బాతు, అంటే వాళ్ల విశ్రాంతి దినం, అప్పుడు పరామర్శకు వెళ్లరు. వెళ్లాక మీరు ముందుగా మాట్లాడొద్దు, మీ ఫ్రెండ్ పక్కన కూర్చోండి. తనే మొదలుపెడితే వాళ్ల తాతగారు ఎలాంటివారో అడగండి. ఆయన ఇప్పుడెక్కడున్నారని మాత్రం అడక్కండి.

మీ తాతయ్య